నాలుగు అక్షరాల వెనక కథ: చైనా నానుళ్ళూ, వాటి ఇంగ్లీషు అర్థాలూ

సభకు నమస్కారం.

నిర్వాహకులు నాకిచ్చిన అంశం చైనా జాతీయాలు, సామెతలు, వాటి ఇంగ్లీషు అర్థాలు. ఆ మాట వినగానే మీ కళ్ళ ముందు ఒక పట్టిక కదలాడి ఉంటుంది. ఎడమ పక్క నాలుగు చైనా అక్షరాలు, కుడి పక్క ఒక ఇంగ్లీషు ముక్క. నేను చైనీసు నేర్చుకున్నదీ అలాంటి పట్టికలతోనే. తెలుగు నుంచి చైనీసుకు నేరుగా బాట పడలేదు కనుక మనలో ఎవరు బయలుదేరినా ఇంగ్లీషు వారి ఇంటి మీదుగానే వెళ్ళాలి, ఆ ఇంటి గుమ్మం దాటేటప్పుడు కొంత సామాను బయటే ఉండిపోతుంది. ఈ సాయంత్రం ఆ బయట మిగిలిపోయిన సామాను గురించి మాట్లాడతాను.

ముందు పేర్ల సంగతి తేల్చుకుందాం. మనం గంపగుత్తగా సామెతలు అనేవాటిని చైనా వారు రకాలుగా విడదీస్తారు. యెన్‌యూ అంటే మన సామెతలాగే పూర్తి వాక్యంగా ఉండే లోకోక్తి. ష్యెహోవ్‌యూ అంటే సగం చెప్పి సగం మింగేసే మాట, దాని దగ్గరికి చివర్లో వస్తాను. చెంగ్‌యూ అంటే స్థిరపడిన పలుకు. చాలావాటికి నాలుగే అక్షరాలు, అక్షరానికొక పలుకు, రెండూ రెండుగా విరిగే నడక. ఇంగ్లీషు నిఘంటువులు ఈ మూడింటికీ ఇష్టం వచ్చినట్టు పేర్లు పెడతాయి. చెంగ్‌యూకు సరైన పోలిక మన సామెతల్లో లేదని, మన న్యాయాల్లో ఉందని నా అభిప్రాయం. కాకతాళీయ న్యాయం, అంధగజ న్యాయం, కూపస్థ మండూక న్యాయం, ఘుణాక్షర న్యాయం. ఒక కథను ఒక సమాసంలోకి కుదించి, ఆ కథ తెలిసినవాడికి మాత్రమే విప్పుకునేలా కట్టిన మూట న్యాయం. చెంగ్‌యూ కూడా అంతే. తాటిచెట్టు మీద కాకి వాలిన క్షణానే పండు రాలిందన్న సంగతి తెలియనివాడికి కాకతాళీయం అనే మాటలో కాకి కనబడదు, తాటిచెట్టూ కనబడదు, 'యాదృచ్ఛికం' అన్న అర్థం ఒక్కటే చేతికొస్తుంది. ఇంగ్లీషు పట్టికలోని కుడి పక్క గడి చేసే పని ఇదే.

ఈ పట్టికల చరిత్ర కూడా మనకు కొత్తది కాదు. కెప్టెన్ కార్ అనే దొర తెలుగు సామెతలను కూర్చి, ఇంగ్లీషు అర్థాలతో మద్రాసులో 1868లో అచ్చువేశాడు. ఆ తరువాత ఏడేళ్ళకు, 1875లో, విలియం స్కార్బరో అనే మిషనరీ షాంఘైలో చైనా సామెతల సంపుటం తెచ్చాడు. 1888లో ఆర్థర్ స్మిత్ అనే మరో మిషనరీ ఇంకొకటి తెచ్చాడు. ఊరివాళ్ళ నోట్లో నానే మాటలను పట్టుకుంటే ఆ ఊరివాళ్ళు పట్టుబడతారని వాళ్ళ నమ్మకం. వారి శ్రమకు నమస్కరించాల్సిందే, వారు పట్టుకోకపోతే మనకు పోయేవి చాలా ఉన్నాయి. కానీ సామెతను పట్టుకున్న తీరులోనే చెంగ్‌యూను పట్టుకోబోతే అది చేతికి రాదు. ఎందుకో ఒక ఉదాహరణతో చెబుతాను.

షోవ్ జూ దాయ్ తూ. మోడు దగ్గర కాపలా కాస్తూ కుందేలు కోసం ఎదురుచూడటం. సోంగ్ రాజ్యంలో ఒక రైతు పొలంలో చెట్టు మోడు ఉంది. ఒకనాడు పరుగెత్తుకుంటూ వచ్చిన కుందేలు దానికి గుద్దుకుని మెడ విరిగి చచ్చింది. ఆ రోజు నుంచి రైతు నాగలి పక్కన పడేసి, రెండో కుందేలు వస్తుందని మోడు దగ్గరే కూర్చున్నాడు. కుందేలు రాలేదు, ఊరంతా నవ్వింది. ఇంగ్లీషులో దీనికి 'శ్రమ లేకుండా లాభం ఆశించడం' అన్న అర్థం రాస్తారు. తప్పు కాదు, చైనాలో నేడు వాడుకలో ఉన్న అర్థం కూడా దాదాపు అదే. అయితే ఈ కథను గ్రంథస్థం చేసిన హాన్ ఫే అనే తాత్త్వికుడు సోమరితనం మీద పాఠం చెప్పలేదు. క్రీస్తు పూర్వం మూడో శతాబ్దంలో, పూర్వపు రాజులు ఇలా ఏలారు కనుక మనమూ అలాగే ఏలాలని వాదించే పండితుల మీద విసిరిన బాణం అది. ఒకప్పుడు ఒక పద్ధతి పనిచేసింది కదా అని కాలం మారినా దాన్నే పట్టుకుని కూర్చునేవాడు మోడు దగ్గరి రైతు అన్నాడు. ఆ రైతు అసలు తప్పు బద్ధకం కాదని గమనించండి, కాకతాళీయంగా జరిగినదాన్ని నియమం అనుకోవడం. కాకి వాలినప్పుడల్లా తాటిపండు రాలుతుందని చెట్టు కింద కూర్చున్నవాడు మన సోంగ్ రాజ్యపు రైతుకు వేలువిడిచిన సోదరుడు. తెలుగువాడికి ఈ కథ మన న్యాయం పక్కన పెట్టి చెబితే ఒక్క నిమిషంలో ఎక్కుతుంది, ఇంగ్లీషు మీదుగా వస్తే రైతు సోమరిగా మారి వస్తాడు.

చెంగ్‌యూలలో ఎన్నో ఇలా కొలువులో పుట్టినవే. రాజుకో సేనానికో నేరుగా చెప్పలేని మాటను రాయబారులు కథగా చుట్టి చెప్పేవారు. హ్వా షె త్యెన్ జూ అంటే పామును గీసి కాళ్ళు తగిలించడం. ఛూ రాజ్యంలో పూజ తరువాత నౌకర్లకు ఒక పాత్ర మద్యం ఇచ్చారు. అందరికీ చాలదు, ఒక్కడికైతే పుష్కలం. నేల మీద పామును గీద్దాం, ముందు పూర్తిచేసినవాడిదే పాత్ర అనుకున్నారు. ముందు ముగించినవాడు ఎడమచేత్తో పాత్ర పట్టుకుని, కుడిచేత్తో 'ఇంకా కాళ్ళు కూడా గీయగలను' అంటూ మొదలుపెట్టాడు. కాళ్ళు పూర్తయ్యేలోపు రెండోవాడి పాము పూర్తయింది. వాడు పాత్ర లాక్కుని, పాముకు కాళ్ళెక్కడివి, నువ్వు గీసింది పాము కాదని చెప్పి తాగేశాడు. ఈ కథను చెన్ జెన్ అనే దూత ఛూ సేనాని జావ్ యాంగ్‌కు చెప్పాడు. ఆ సేనాని అప్పటికే వేయ్ రాజ్యం మీద ఎనిమిది పట్టణాలు గెలిచి, ఇక ఛీ రాజ్యం మీదికి బయలుదేరుతున్నాడు. నీకు రావలసిన పదవి ఇప్పటికే వచ్చింది, ఇంకా ముందుకు పోతే చేతిలో పాత్ర పోతుందని దూత చెప్పకుండానే చెప్పాడు. సేనాని సైన్యాన్ని వెనక్కి తిప్పాడు. కలువపువ్వుకు బంగారు పూత పూయడం అనే ఇంగ్లీషు జాతీయాన్ని దీనికి సమానమంటారు. కలువకు పూత పూసినవాడికి పోయేది కాస్త బంగారం. పాముకు కాళ్ళు గీసినవాడికి గెలిచింది పోయింది.

ఇక చాలామందికి తెలిసిన కథ, సాయ్ వెంగ్ షి మా, సరిహద్దు తాత గుర్రం పోగొట్టుకోవడం. గుర్రం హూ జాతి వారి నేలలోకి పారిపోయింది, ఇరుగుపొరుగు ఓదార్చడానికి వచ్చారు, ఇది మేలు ఎందుకు కాకూడదు అన్నాడు తాత. కొన్ని నెలలకు ఆ గుర్రం మేలుజాతి గుర్రాలను వెంటబెట్టుకుని వచ్చింది, అభినందించడానికి వచ్చారు, ఇది కీడు ఎందుకు కాకూడదు అన్నాడు. ఇంటినిండా మంచి గుర్రాలు, కొడుక్కు స్వారీ పిచ్చి, పడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. మళ్ళీ ఓదార్పు, మళ్ళీ అదే ప్రశ్న. ఏడాదికి హూ వారు దండెత్తారు, సరిహద్దు యువకులు విల్లులు పట్టి వెళ్ళి పదికి తొమ్మిదిమంది చచ్చారు. కుంటివాడు కనుక తాత కొడుకు బతికాడు.

ఇంగ్లీషు పట్టికలో దీని పక్కన 'మారువేషంలో వచ్చిన వరం' అని ఉంటుంది. మారువేషం అన్నాక ఎప్పుడో ఒకప్పుడు తీసేస్తారు, తీశాక లోపల ఉన్నది వరమని రుజువవుతుంది, కథ అక్కడితో సుఖాంతం. చైనా తాత మాటలో ముసుగు తీసే ఘట్టం లేదు. ఆయన అడిగేది ఎప్పుడూ ప్రశ్నే, అదీ రెండు వైపులా. మేలు వచ్చినప్పుడు కూడా అదే గొంతుతో అడుగుతాడు, ఆ సగాన్ని ఇంగ్లీషు పూర్తిగా వదిలేసింది. మన 'అంతా మన మంచికే' కూడా దీనికి సరిపోదు, అందులో దేవుడి మీద భరోసా ఉంది, తాతకు ఆ భరోసా కూడా లేదు. ఈ కథ ఉన్న హ్వాయ్‌నాన్ గ్రంథాన్ని ల్యూ ఆన్ అనే సామంతరాజు క్రీస్తు పూర్వం 139లో వూ చక్రవర్తికి సమర్పించి మెప్పు పొందాడు. పదిహేడేళ్ళ తరువాత అదే చక్రవర్తి మీద కుట్ర చేశాడన్న అభియోగంతో ఆత్మహత్య చేసుకున్నాడు. గ్రంథం సమర్పించిన రోజున పక్కన తాత ఉంటే ఏమనేవాడో నేను చెప్పక్కర్లేదు.

దుయ్ న్యూ తాన్ చిన్, ఆవు ముందు వీణ వాయించడం. వీణ అనడం నా సౌకర్యం కోసం, చిన్ అనేది బల్ల మీద పెట్టి వాయించే ఏడు తీగల వాద్యం. ఇంగ్లీషులో దీనికి పందుల ముందు ముత్యాలు చల్లడం అని రాస్తారు. మనమైతే చెవిటివాడి ముందు శంఖం అంటాం. రెండింటిలోనూ వినేవాడిదే లోపం. అసలు కథ చూడండి. గోంగ్‌మింగ్ యీ అనే విద్వాంసుడు ఆవుకు గొప్ప రాగం వినిపించాడు, ఆవు గడ్డి మేస్తూ తల ఎత్తలేదు. అప్పుడాయన తీగల మీద దోమలు, జోరీగలు మోగే చప్పుడు పలికించాడు, తరువాత తల్లిని వెతుక్కునే దూడ అరుపు పలికించాడు. ఆవు తోక ఆడించి, చెవులు నిక్కించి, అటూ ఇటూ నడుస్తూ వింది. ఇది వచ్చేది మోవ్ జీ అనే బౌద్ధుడి సంవాద గ్రంథంలో. మీరు బుద్ధుడి సూత్రాలు చెప్పకుండా మా చైనా ప్రాచీన గ్రంథాలనే ఎందుకు ఉదహరిస్తున్నారని ఎవరో అడిగితే ఇచ్చిన జవాబు. మీకు తెలిసిన చప్పుడుతో చెబితేనే వింటారు కనుక అని. అడిగినవాడిని ఆవుతో పోల్చాడన్న మాట నిజమే, ఆ కొంటెతనం కూడా అందులో ఉంది. అయినా బరువు మాత్రం వాయించేవాడి మీదే పడింది. ఇప్పుడు చైనాలో ఈ మాటను ఎక్కువగా వినేవాడిని ఎగతాళి చేయడానికే వాడుతున్నా, ఎదుటివాడెవరో చూసుకోకుండా ఉపన్యసించేవాడిని దెప్పడానికీ వాడతారు. నేను జాగ్రత్తగా ఉండాలి.

భారతదేశపు ధర్మాన్ని చైనా వారికి వివరించే సందర్భంలో ఆ ఆవు వచ్చిందన్న మాట మనల్ని దగ్గరి చుట్టాల దగ్గరికి తీసుకెళ్తుంది. చైనా జాతీయాల్లో కొన్ని మన దగ్గరి నుంచి వెళ్ళినవే. మాంగ్ రెన్ మో ష్యాంగ్ అంటే గుడ్డివారు ఏనుగును తడమడం, మన అంధగజ న్యాయం. ధర్మక్షేముడు అనే భారతీయ భిక్షువు 421 నాటికి పూర్తిచేసిన మహాపరినిర్వాణ సూత్రపు చైనా అనువాదంలో ఈ కథ ఉంది. అందులో గుడ్డివారు చెప్పిన పోలికలు విన్నప్పుడు నాకు ఏదో మన వంటింట్లోకి అడుగుపెట్టినట్టు అనిపించింది. దంతం తాకినవాడు ముల్లంగి దుంప అన్నాడు. చెవి తాకినవాడు చేట, తల తాకినవాడు రాయి, తొండం తాకినవాడు రోకలి, కాలు తాకినవాడు కొయ్య రోలు, వీపు తాకినవాడు మంచం, పొట్ట తాకినవాడు బాన, తోక తాకినవాడు తాడు. పంతొమ్మిదో శతాబ్దంలో జాన్ గాడ్‌ఫ్రీ సాక్స్ అనే అమెరికా కవి ఇదే కథను పద్యంగా రాస్తే చేట విసనకర్ర అయింది, రోకలి పాము అయింది, దుంప బల్లెం అయింది. ఇవాళ ఇంగ్లీషు బళ్ళలో చదివే మన పిల్లలకు బల్లెం, విసనకర్ర తెలుసు. రోలూ రోకలీ బానా ఉన్న పాఠం మాత్రం ఉత్తర చైనాలో ఒక భిక్షువు పుణ్యమా అని అక్కడ భద్రంగా ఉంది.

అలాంటిదే నీళ్ళలో చంద్రుణ్ణి తోడటం. వారణాసిలో ఐదువందల కోతులు మర్రిచెట్టు కింద బావిలో చంద్రుడి నీడ చూసి, చంద్రుడు బావిలో పడి చచ్చాడు, లోకం చీకటి కాకుండా పైకి తీద్దామని ఒకదాని తోక ఒకటి పట్టుకుని వేలాడాయి. కొమ్మ విరిగి అన్నీ బావిలో పడ్డాయి. ఈ కథ మహాసాంఘికులు అనే బౌద్ధ శాఖ వారి వినయపిటకంలోది, అంటే భిక్షువుల నియమాల గ్రంథంలోది. ఫాహియాన్ పాటలీపుత్రంలో రాయించుకుని సముద్రం మీద తీసుకెళ్ళిన ప్రతిని, బుద్ధభద్రుడితో కలిసి చైనీసులోకి మార్చాడు. అమరావతి, నాగార్జునకొండల్లో వెలసిన బౌద్ధ శాఖలు ఆ మహాసాంఘికుల నుంచి చీలినవే కనుక ఈ కోతులు మనకు బొత్తిగా పరాయివి కావు. ఇంగ్లీషు గడిలో మాత్రం 'వ్యర్థ ప్రయత్నం' అని రెండు ముక్కలు. ఆ కోతులు చంద్రుణ్ణి కాజేయాలనుకోలేదు, కాపాడాలనుకున్నాయి. ఆ తేడా లేకపోతే కథలో జాలి మిగలదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది తాన్ హ్వా యీ ష్యెన్. తాన్ పువ్వు ఒక్కసారి కనబడటం. ఈ తాన్ మన ఉదుంబరమే, అంటే మేడి. మేడిపండు అనగానే మనకు వేమనా పురుగులూ గుర్తుకొస్తాయి కానీ, మేడిచెట్టుకు పూలు కాయ లోపలే ఉంటాయి కనుక బయట కనబడవు. కనబడని పువ్వు కనబడటం అంటే మహా అరుదైన సంఘటన. కుమారజీవుడు 406లో అనువదించిన సద్ధర్మపుండరీక సూత్రంలో, తథాగతుడు, అంటే బుద్ధుడు, ఈ ధర్మాన్ని చెప్పడం ఉదుంబర పుష్పం కనబడినంత అరుదు అని ఉంది. కాలం గడిచేకొద్దీ చైనా వారి నోట్లో అరుదు అన్న అర్థం జారిపోయి, కనబడి వెంటనే మాయమయ్యేది అన్న అర్థం స్థిరపడింది. మేడిచెట్టు అంతగా ఎరగని చైనా వారు ఆ పేరును మరో మొక్కకు తగిలించారు. అది మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాల నుంచి వచ్చిన ఒక రకం జెముడు. రాత్రి పూట ఒక్కసారి తెల్లగా, చెయ్యంత వెడల్పున విచ్చుకుని తెల్లారేసరికి వాలిపోతుంది. మీ పెరట్లోనో మేడ మీది కుండీలోనో అది ఉండే ఉంటుంది. మనం దాన్ని బ్రహ్మకమలం అంటాం, రాత్రి పదకొండు గంటలకు పక్కింటివాళ్ళను లేపి మరీ చూపిస్తాం. హిమాలయాల్లోని అసలు బ్రహ్మకమలం వేరు. అంటే మనమూ చైనా వారూ ఒకే అమెరికా మొక్కకు రెండు పవిత్రమైన పేర్లు పెట్టుకున్నాం, వారు పెట్టిన పేరు మన చెట్టుది. ఇంగ్లీషు వారు దీనికిచ్చే అర్థం 'పళ్ళెంలో మెరుపు'. పాత తుపాకుల్లో మందు నింపే చిన్న పళ్ళెంలో మెరుపు లేచి, గుండు పేలకపోతే అనే మాట అది. అందులో పేలని తుపాకీ మీద విసుగు ఉంది. పువ్వు వాలిపోతే ఎవరూ విసుక్కోరు.

అర్థం సరిగ్గా రాసినా ఇంకొకటి తప్పిపోతుంది, మెచ్చుకోలా తిట్టా అన్నది. నేను చైనీసు నేర్చుకునే రోజుల్లో మా గురువుగారికి కృతజ్ఞతగా ఒక వ్యాసం రాస్తూ, మా మీద మీ శ్రద్ధ వూ సువో బూ జి అన్నాను. నా నిఘంటువులో దాని ఎదురుగా 'చేరని చోటు లేదు' అని ఉంది. గురువుగారి శ్రద్ధ చేరని చోటు లేదు, ఎంత బాగుంది! ఆవిడ ఆ నాలుగు అక్షరాల కింద ఎర్రగీత గీసి, అరనిమిషం నవ్వు ఆపుకుని, నేను అంత దుర్మార్గురాలినా అని అడిగారు. ఎంతటి చెడ్డపనికైనా తెగించేవాడి గురించి అనే మాటట అది. నేను రాయవలసింది వూ వేయ్ బూ జి, చిన్న విషయాన్ని కూడా వదలని శ్రద్ధ అని. ఒక్క అక్షరం తేడా. ఇంగ్లీషు గడి రెండింటికీ దాదాపు ఒకే అర్థం ఇచ్చి, ఎవరి మీద వాడాలో చెప్పలేదు. తెలుగు నేర్చుకునే విదేశీయుడు 'ఘనకార్యం' అనే మాటను నిఘంటువు చూసి వాడితే ఏమవుతుందో ఊహించుకోండి.

మరి కొన్ని చైనా సామెతలు చైనాలోనే దొరకవు. ఆసక్తికరమైన కాలంలో బతుకుదువు గాక అనే శాపం చైనా వారిదని ఇంగ్లీషులో ప్రసిద్ధి, అలాంటి మాట చైనీసులో లేదు. దగ్గరి బంధువు ఫెంగ్ మెంగ్‌లోంగ్ 1627 నాటి కథల్లో కనబడుతుంది. శాంతి కాలంలో కుక్కగా బతికినా మేలే కానీ కల్లోల కాలంలో మనిషిగా బతకవద్దు అని. ఒక బొమ్మ పదివేల మాటల పెట్టు అనేదాన్ని 1927లో ఫ్రెడ్ బర్నార్డ్ అనే అమెరికా ప్రకటనల వ్యాపారి చైనా సామెత అని ముద్ర వేసి అచ్చువేయించాడు. సంక్షోభం అనే చైనా మాటలో ప్రమాదం, అవకాశం రెండూ ఉన్నాయని 1959లో సెనేటరుగా ఉన్న జాన్ కెనడీ ఉపన్యసించాడు, మన వ్యక్తిత్వ వికాస వక్తలు ఇప్పటికీ చెబుతున్నారు. వేయ్‌జీ అనే ఆ మాటలో రెండో అక్షరానికి అక్కడ కీలక ఘడియ అని అర్థం, అవకాశం అని కాదు. ఎదురు ఉదాహరణ కూడా ఉంది. 1946లో యెనాన్‌లో అమెరికా పాత్రికేయురాలు ఆనా లూయీ స్ట్రాంగ్‌తో మావో అన్న 'కాగితం పులి' అచ్చంగా చైనా మాటే, అది ఇంగ్లీషు గుమ్మంలో ఏమీ పోగొట్టుకోకుండా మన పత్రికల దాకా వచ్చింది. కాగితమూ పులీ అందరికీ తెలుసు కనుక.

ఇక వాడుక సామెతలు. ఎవరి గురించి మాట్లాడుకుంటున్నామో ఆ మనిషే ఊడిపడితే ఇంగ్లీషు వారు దయ్యాన్ని తలిస్తే దయ్యం వచ్చిందంటారు. చైనా వారు ఛావ్ ఛావ్ పేరెత్తితే ఛావ్ ఛావ్ వచ్చేశాడంటారు. హాన్ సామ్రాజ్యపు చివరి రోజుల్లో అందరినీ హడలెత్తించిన సేనాధిపతి ఆయన, 220లో చనిపోయాడు, ఇంకా వస్తూనే ఉన్నాడు. మనం మాత్రం అదే సందర్భంలో వచ్చినవాడికి నూరేళ్ళ ఆయుష్షు అని దీవిస్తాం. ఈ మూడింటినీ ఒకే గడిలో ఎలా రాస్తారు?

చివరిగా ష్యెహోవ్‌యూ. 'అంగట్లో అన్నీ ఉన్నాయి' అని మనం ఆగితే అల్లుడి నోట్లో శనిని ఎదుటివాడే తెచ్చుకుంటాడు కదా, అదే పద్ధతి. నదిని దాటుతున్న మట్టి బోధిసత్త్వుడు అని ఆగుతారు, తన్ను తానే కాపాడుకోలేడు అన్నది వినేవాడి వంతు. వీటిలో కొన్ని శ్లేష మీద నిలబడతాయి, అక్కడ ఇంగ్లీషు పూర్తిగా చేతులెత్తేస్తుంది. మేనల్లుడు లాంతరు పట్టుకున్నాడు అంటారు. రెండో సగం జావ్ జ్యూ, మేనమామకు వెలుగు చూపించాడని. అవే పలుకులకు 'ఎప్పటిలాగే' అని ఇంకో అర్థం. ఇంగ్లీషు నిఘంటువులో దీన్ని వివరించాలంటే, ఈ నెఫ్యూ సోదరుడి కొడుకు కాదు సోదరి కొడుకు, ఈ అంకుల్ తండ్రి తరఫు కాదు తల్లి తరఫు అని నాలుగు పంక్తులు రాయాలి, ఆ పాటికి లాంతరు ఆరిపోతుంది. చైనీసులో సోదరి కొడుక్కు ఒక మాట, తల్లి సోదరుడికి ఒక మాట విడిగా ఉన్నాయి. మనకూ ఉన్నాయి, మేనల్లుడు, మేనమామ. శ్లేష తెలుగులోకి రాకపోయినా లాంతరు ఎవరు పట్టారో, వెలుగు ఎవరి మీద పడిందో మనకు వివరణ అక్కర్లేదు.

మీలో చైనా మిత్రులతో పనిచేసేవారు ఉంటే, రేపు వాళ్ళు ఎలా ఉన్నారని అడిగినప్పుడు మేనల్లుడు లాంతరు పట్టుకున్నాడని మాత్రం చెప్పి ఊరుకోండి. మిగతా సగం వాళ్ళే అంటారు. ఇక ప్రశ్నలుంటే అడగండి.